కుందేలు పళ్లు నూరితే హాయిగా ఉన్నట్టా, నొప్పిగా ఉన్నట్టా? బాడీ లాంగ్వేజ్ మీద కొన్ని సందేహాలు

నాలుగో_అంతస్తు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మా ఇంట్లో ఒక ఆడ కుందేలు ఉంది. తెల్లది, ఎర్ర కళ్లు, ఏడు నెలల వయసు, 2.2 కిలోల బరువు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇంకా చేయించలేదు. హాల్లో ఒక మూల ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పుతో కంచె కట్టి లోపల చాప, దాక్కోవడానికి అట్టపెట్టె, ఎండుగడ్డి, నీళ్ల గిన్నె పెట్టాం. పొద్దున, సాయంత్రం తలుపు తీసి వదులుతాం. తిండి బాగా తింటుంది. పెంటికలు గుండ్రంగా, ఒకే సైజులో పడుతున్నాయి. కాబట్టి ఒంట్లో బాగానే ఉందనుకుంటున్నాం, దాని మనసే అర్థం కావట్లేదు.

నుదురు నిమిరితే పళ్లు కటకటలాడిస్తుంది. హాయిగా ఉండి అంటారు కొందరు, నొప్పి వల్ల అంటారు ఇంకొందరు. కంచెలోకి చెయ్యి పెట్టి గిన్నె మారిస్తే గుర్రుమని ముంగాళ్లతో కొడుతుంది, బయటికొచ్చాక మాత్రం అదే చేతిని నాకుతుంది. సోఫా ఎక్కే ముందు ఆగి తల కుడికీ ఎడమకీ ఊపుతుంది. తలుపు తీసి ఉంచినా చాప అంచు దాటి హాల్ మధ్యలోకి రాదు. ఈ నెల నుంచి మా కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతూ ముక్కుతో గుర్ గుర్ మంటోంది. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా ఉంటుంది, నిద్రపోతుందని పిల్లలు సంబరపడుతున్నారు. రాత్రి రెండు, మూడు గంటలప్పుడు వెనక కాలితో నేల మీద దబ్బుమని కొడుతుంది.

ఏ కదలిక దేనికో, పక్కన ఇంకేం చూసి ఖాయం చేసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.

గరికపోచ

పెంటికల సంగతి కూడా రాశారు, చాలా మంచి పని చేశారు. అది లేకపోతే సగం ప్రశ్నలకు జవాబు చెప్పలేం.

ముందు ఒక మాట. కుందేలు చేసే ఏ కదలికకీ ఒక్కటే అర్థం ఉండదు. చెవులు వెనక్కి వాలడం కునుకులో ఉంటుంది, కోపంలో ఉంటుంది, భయంలోనూ ఉంటుంది. అందుకే చెవులు, కళ్లు, ఒంటి బరువు ఎటు పడుతోందన్నది, ఈ మూడూ కలిపి చూడాలి. చాలామంది మూడోదాన్ని పట్టించుకోరు. నన్నడిగితే అన్నిటికన్నా నమ్మదగింది అదే. బరువు ఒక తుంటి మీద వేసి వెనక కాళ్లు పక్కకి చాపి పడుకుంటే అది చప్పున లేచి పరిగెత్తలేదు. పారిపోవాల్సిన పని రాదని నమ్మితేనే అలా పడుకుంటుంది. నాలుగు పాదాలూ ఒంటి కింద పెట్టుకుని వీపు కండరాలు బిగించి ఉంటే, చూడ్డానికి ప్రశాంతంగా అనిపించినా సరే, దూకడానికి తయారుగా ఉన్నట్టు.

పళ్ల విషయం. హాయిగా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు చాలా చిన్నది, వేగంగా వస్తుంది. చెవి దగ్గర పెడితే తప్ప సరిగా వినపడదు. చెయ్యి దాని చెంప మీద ఉంటే సన్నటి వణుకులా తెలుస్తుంది, మీసాలు కూడా కొద్దిగా అదురుతాయి. కళ్లు సగం మూసి, తల నేలకి ఆనించి ఉంటుంది. నిమరడం ఆపితే కాసేపట్లో చప్పుడూ ఆగుతుంది. నొప్పి చప్పుడు వేరు. గట్టిగా, నెమ్మదిగా, ఒక్కో కొరుకుడూ విడివిడిగా గదిలో అవతలికి కూడా వినిపిస్తుంది. ఎవరూ ముట్టుకోకపోయినా, ఒంటరిగా మూలన ఉన్నప్పుడు వస్తుంది. వీపు గూనిలా పైకి లేచి ఉంటుంది, కళ్లు చికిలించి ఉంటాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకమే. అయినా ఖాయం చేసుకోవాలంటే ఆ సమయంలో రెండు కొత్తిమీర రెమ్మలు మూతి పక్కన పెట్టండి. హాయిగా ఉన్న కుందేలు కళ్లు తెరిచి అందుకుంటుంది. ఎప్పుడూ ఎగబడి తినే కొత్తిమీరకి మొహం తిప్పుకుంటే అప్పుడు ఆలోచించాలి.

తల ఊపడం గురించి భయపడకండి. ఎర్ర కళ్ల తెల్ల కుందేళ్ల కంట్లో రంగు పదార్థం ఉండదు, చూపు మందంగా ఉంటుంది, దూరం సరిగా తెలియదు. తల అటూ ఇటూ జరిపితే దగ్గరి వస్తువు ఎక్కువగా, దూరపుది తక్కువగా కదిలినట్టు కనిపిస్తుంది కదా, దాన్నిబట్టి ఎంత దూరం దూకాలో లెక్క వేసుకుంటుంది. అందుకే దూకే ముందు, కొత్త మనిషి కనిపించినప్పుడు ఎక్కువగా చేస్తుంది. వీటికి ఎక్కువ వెలుతురు కూడా పడదు, కంచె మీద ట్యూబ్‌లైట్ నేరుగా పడకుండా చూడండి. అయితే తల ఊపడానికీ, తల ఒక పక్కకి వాలిపోయి అలాగే ఉండిపోవడానికీ చాలా తేడా ఉంది. వాలిన తల, కనుగుడ్లు టకటకా పక్కలకి కొట్టుకోవడం, ఒకే వైపు తిరగడం, దొర్లిపోవడం, వీటిలో ఏది కనిపించినా చెవి లోపలి ఇన్ఫెక్షనో మెదడుకి సంబంధించిన జబ్బో అయ్యుండొచ్చు. అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

చాప అంచు దాటకపోవడం సిగ్గూ కాదు, మీ మీద భయమూ కాదు. మీ హాల్లో టైల్సో గ్రానైటో అయ్యుంటుంది. కుక్కకీ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదం కింద మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. నున్నటి బండ మీద కాళ్లు జారి పక్కలకి పోతాయి. ఒకసారి జారిందంటే మళ్లీ అటు రాదు. చాప అంచున వెనక కాళ్లు చాప మీదే ఉంచి, మెడా ముంగాళ్లూ మాత్రం ముందుకి సాగదీసి వాసన చూసి వెనక్కి వెళ్తుందా? సరిగ్గా అదే. ఇప్పటిదాకా ఉన్న చాప నుంచి సోఫా దాకా, అక్కణ్నుంచి కిటికీ దాకా అడుగున్నర వెడల్పు పట్టాలు, దారిలా పరవండి. కింద రబ్బరు ఉన్న డోర్ మ్యాట్లైతే జరగవు. ప్లాస్టిక్ పోగులవి మాత్రం వద్దు, నమిలి మింగితే పేగుకి అడ్డం పడతాయి.

ఇక వెల్లకిలా పడుకోబెట్టడం. ఇది ఈ రోజే మాన్పించండి, దయచేసి. అది నిద్ర కాదు. నోట కరుచుకున్న జంతువు కాస్త పట్టు వదులుతుందేమో అని చచ్చినట్టు పడి ఉండే స్థితి అది. పైకి కదలిక లేకపోయినా లోపల అది భయంతోనే ఉంటుంది. ప్రమాదం అక్కడితో ఆగదు. ఆ స్థితిలోంచి ఒక్కసారిగా తేరుకుని వెనక కాళ్లు బలంగా విదిలిస్తుంది. దాని ఒంటితో పోలిస్తే ఎముకలు తేలిక, తొడ కండరాలు చాలా బలం. ఆ తన్నుకే నడుం దగ్గర వెన్నెముక విరిగి వెనక కాళ్లు చచ్చుబడే అవకాశం ఉంది. ఎత్తుకునేటప్పుడు కూడా ఒక చెయ్యి రొమ్ము కింద, రెండో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. చెవులు పట్టుకుని ఎత్తడం అసలు కూడదు. పిల్లలైతే ఎత్తుకోకుండా నేల మీద కూర్చోవడమే మేలు.

దగ్గరికి వెళ్లే పద్ధతి కూడా చెప్తాను, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. కుందేలుకి కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కానీ సరిగ్గా ముక్కు ముందు, గడ్డం కింద కనపడదు. కుక్కకి చూపించినట్టు మూతి ముందు చెయ్యి పెడితే ఆ చెయ్యి దానికి ఒక్కసారిగా ఎక్కణ్నుంచో ఊడిపడినట్టే. పక్కగా, నేల మీద కూర్చోండి. చెయ్యి పక్క నుంచి కనిపించేలా తెచ్చి నుదుటి మీద, కళ్ల మధ్య నుంచి చెవుల మొదలు దాకా మూడు నాలుగు సార్లు నిమిరి చెయ్యి తీసేయండి. తల ఇంకా కిందికి పెట్టినా, మూతితో మీ చేతిని తోసినా ఇంకా నిమరమని. ఒళ్లు బిగించినా, పక్కకి జరిగినా చాలని. గడ్డం కింద, పొట్ట, పాదాలు, తోక ముట్టుకోవద్దు.

జంటచెవులు

పళ్ల గురించి గరికపోచ గారు చెప్పేశారు కాబట్టి గిన్నె గొడవా, కాళ్ల చుట్టూ తిరగడమూ నేను చెప్తాను. ఈ రెండూ ఒక తాను ముక్కలే. ఏడు నెలలంటే మీ కుందేలు ఈడుకొచ్చింది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఇవన్నీ మొదలవుతాయి.

కంచె దాని ఇల్లు. ఈడొచ్చిన ఆడ కుందేలు తన చోటుని మగదానికన్నా గట్టిగా కాపాడుకుంటుంది. దాడికి ముందు సెకను పాటు గుర్తులన్నీ వరసగా వస్తాయి: చెవులు వెనక్కి గట్టిగా అతుక్కుంటాయి, తోక నిటారుగా లేస్తుంది, మెడ ముందుకి సాగుతుంది, గుర్రుమంటుంది, ఆ తర్వాతే ముంగాళ్లు లేస్తాయి. కునుకులో చెవులు వాలడానికీ దీనికీ తేడా తోక దగ్గర తెలిసిపోతుంది. కునుకులో అయితే తోక ఒంటికి అతుక్కుని మెత్తగా ఉంటుంది.

దీనికి విరుగుడు గద్దించడం కాదు. అది కంచెలో ఉండగా శుభ్రం చేయొద్దు, బయటికి వదిలాక చేయండి. గిన్నె కంచె అంచుకి తగిలించి బయట నుంచే నింపగలిగేలా పెట్టండి. ఆకుకూర గిన్నెలో వేయకుండా రెండు మూడు చోట్ల విడిగా వేస్తే కాపలా కాయడానికి ఒకే చోటు ఉండదు. చెయ్యి పెట్టక తప్పకపోతే పక్క నుంచి తెచ్చి, అరచేయి వెడల్పుగా దాని నుదుటి మీద మెల్లగా ఆనించి, రెండో చేత్తో పని చేసుకోండి. తల మీద చెయ్యి ఉంటే చాలాసార్లు అణిగిపోతుంది. అది కొట్టగానే చెయ్యి చప్పున లాక్కుంటే మాత్రం, కొడితే చెయ్యి పోతుందని నేర్చుకుంటుంది, రేపు ఇంకా ముందే కొడుతుంది.

కాళ్ల చుట్టూ తిరుగుతూ గుర్ గుర్ మనడం జతకట్టే పిలుపు. తిండి కోసం, ఆట కోసం కూడా అదే చప్పుడు చేస్తుంది. గిన్నె చప్పుడు విన్నప్పుడు మాత్రమే వస్తే తిండి కోసం. తిండి వేళ కాకుండా, పాదం మీద ఎక్కబోతూ, మడమ దగ్గర చిన్నగా కొరుకుతూ ఉంటే ఈడు లక్షణం. గడ్డం కింద వాసన గ్రంథులు ఉంటాయి, సోఫా కాళ్లకీ తలుపు అంచులకీ గడ్డం రాస్తే ‘ఇది నాది’ అని గుర్తు పెట్టుకోవడం. అందులో హాని లేదు, రాసుకోనివ్వండి.

ఇంకో సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది. ఆడ కుందేలు మగది లేకుండానే కడుపుతో ఉన్నట్టు ప్రవర్తించవచ్చు. నోటి నిండా గడ్డి కరుచుకుని మూలకి మోస్తుంది, మెడ కింద గంగడోలు దగ్గర బొచ్చు పీక్కుని గూడు కడుతుంది, దగ్గరికి రానివ్వదు. సుమారు 16 నుంచి 18 రోజుల్లో అదే తగ్గిపోతుంది. గూడు తీసేయకండి, మళ్లీ బొచ్చు పీక్కుంటుంది. ఇది మాటిమాటికీ వస్తుంటే ఆపరేషన్ ఇంక వాయిదా వేయొద్దు. ఆపరేషన్ లేని ఆడ కుందేళ్లలో మూడు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది, కాబట్టి ఇది ప్రవర్తన కోసమే చేయించేది కాదు.

సంతోషం గుర్తులు కూడా చెప్పాలి కదా. పరిగెడుతూ గాల్లోకి ఎగిరి, తల ఒక పక్కకీ నడుం ఇంకో పక్కకీ మెలితిప్పితే పూర్తి ఆనందంలో ఉంది. కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి దబ్బున ఒరిగిపోతే, ఏమైందో అని కంగారు పడకండి, పూర్తి నమ్మకంతో పడుకుంది. పొట్ట ఒక లయలో కదులుతుంటుంది, గడ్డి చప్పుడు చేస్తే చెవి తిరుగుతుంది. మీ దగ్గర్నుంచి వెళ్తూ వెనక పాదాలు మీ వైపు విదిలిస్తే మీరు చేసింది నచ్చలేదు. గోళ్లు కత్తిరించాక ఇది తప్పనిసరి.

మూగజీవాల_వైద్యం

పై ఇద్దరూ చెప్పింది సరైనదే. నేను నొప్పి గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే కుందేలు నొప్పిని దాచే జంతువు. నక్కకీ గద్దకీ బలహీనంగా కనిపిస్తే ముందు పోయేది అదే కాబట్టి పైకి కనపడనివ్వదు. ఎవరైనా చూస్తున్నప్పుడు ఇంకా ఎక్కువ దాస్తుంది. అందుకే గదిలోకి వెళ్లకుండా తలుపు సందులోంచి, లేదా ఫోన్ వీడియో పెట్టి పది నిమిషాలు చూడండి.

మొహంలో నొప్పిని కొలవడానికి 2012లో ఒక పద్ధతి వచ్చింది, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అందులో ఉన్నారు. ఐదు చోట్ల చూస్తారు, ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా మార్కు. కళ్లు చికిలించడం, చెంపల గుండ్రదనం పోయి లోపలికి లాగినట్టవడం, ముక్కు ఆకారం మారి మొనదేలడం, మీసాలు బిగుసుకుని ముఖానికి దూరంగా నిలబడటం, చెవులు దగ్గరికి మడుచుకుని వెనక్కి పోవడం. ఇందులో కొత్తవాళ్లకి తేలిగ్గా దొరికేవి కళ్లూ చెంపలూ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి. అనుమానం వచ్చిన రోజు అదే కోణంలో ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. నిద్రలో కూడా కళ్లు మూస్తుంది కాబట్టి మెలకువగా ఉన్నప్పటి ఫోటోలే పోల్చాలి.

ఒంటి విషయంలో, ముంగాళ్లు లోపలికి మడిచి ముద్దలా కూర్చోవడం మామూలే. అదే భంగిమలో వీపు ఎత్తుగా, పొట్ట నేలకి తగలకుండా ముంగాళ్ల వేళ్ల మీద బరువు వేస్తే, లేదా కాసేపు పొట్టని నేలకి అదిమి, లేచి, ఇంకో చోట మళ్లీ అదిమితే కడుపునొప్పి. పొట్టలో కదలిక ఆగిపోయే జబ్బు ఇలాగే మొదలవుతుంది. కారణం చాలాసార్లు తక్కువ గడ్డి, ఎక్కువ పెల్లెట్లు (షాపుల్లో దొరికే గుళికల దాణా), నీళ్లు తాగకపోవడం, పంటి సమస్య, లేదా పెద్ద భయం. పెంటికలు ముందు చిన్నవవుతాయి, తర్వాత ఆకారం పోతుంది, తర్వాత ఆగిపోతాయి. తిండీ పెంటికలూ రెండూ ఆగి ఏడెనిమిది గంటలైతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. 12 గంటలు దాటనివ్వొద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపల ఆగింది ఆగినట్టే ఉంటుంది.

బయల్దేరే ముందు రెండు చూడండి. చెవులు పట్టుకుంటే చల్లగా ఉండి మనిషి వచ్చినా స్పందించకపోతే ఒంటి వేడి పడిపోతోంది. మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. గోరువెచ్చటి నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టి తీసుకెళ్లండి. రెండోది పొట్ట. డప్పులా బిగిసి ఉంటే బలవంతంగా ఏదీ తినిపించొద్దు, లోపల అడ్డం పడి ఉండొచ్చు. మనుషుల నొప్పి మాత్రలు అస్సలు వేయొద్దు.

మన ఊళ్లలో పశువైద్యులు ఎక్కువగా గేదెలు, మేకలు, కుక్కలు చూస్తారు. కాబట్టి మర్యాదగానే రెండు విషయాలు గుర్తు చేయండి: అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు నోటి ద్వారా కుందేలుకి ఇవ్వకూడదు, పేగులో మంచి బ్యాక్టీరియా చచ్చి ప్రాణం మీదికి వస్తుంది. కుక్కలకి పిడుదుల కోసం కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా వీటికి విషమే. ఆపరేషన్‌కి ముందు రాత్రంతా ఉపవాసం ఉంచమంటే కూడా అడగండి. వాంతి రాదు కాబట్టి కుందేలుకి ఆ ఉపవాసం అక్కర్లేదు, పొట్ట ఖాళీ అయితేనే చేటు.

మెత్తచెవుల_ఇల్లు

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది చెవులు కిందికి వేలాడే రకం. అవి ఎప్పుడూ అలాగే ఉంటాయి కదా, చెవుల్ని చూసి ఎలా తెలుసుకోవడం? ఇంకోటి, మాది విజయవాడ. ఎండలు మొదలయ్యాక మధ్యాహ్నమంతా బండ మీద కాళ్లు చాపి పడుంటోంది. ఇది హాయా, వడదెబ్బా?

గరికపోచ

వేలాడే చెవులున్నవాటికి చెవి కొసను కాదు, మొదలును చూడాలి. ఏదైనా విన్నప్పుడు తల పైన ఆ మొదలు కొద్దిగా పైకి లేచి ముందుకి జరుగుతుంది, చెవి ముఖానికి దూరంగా గొడుగులా విచ్చుకుంటుంది. కోపం వస్తే మొదలు వెనక్కి లాగి చెవి మెడకి అతుక్కుంటుంది. అయినా నిటారు చెవులంత స్పష్టంగా ఉండదు కాబట్టి తోకా కళ్లూ ఎక్కువగా గమనించండి. కంటి అంచున తెల్లగుడ్డు కనిపిస్తే భయపడుతోంది. ముక్కు కూడా ఉపయోగపడుతుంది. చురుగ్గా ఉన్నప్పుడు టకటకా కదులుతుంది, నెమ్మదిస్తే స్థిమితపడినట్టు, గాఢనిద్రలో దాదాపు ఆగిపోతుంది. కళ్లు పెద్దవి చేసి, ఒళ్లు బిగించి, ముక్కు కూడా ఆపేస్తే మాత్రం అది నిద్ర కాదు, భయంతో కొయ్యబారిపోయింది.

ఈ రకంలో చెవి లోపల గులిమి పేరుకుని ఇన్ఫెక్షన్ త్వరగా వస్తుంది. తల విదిలించడం, వెనక కాలితో ఒకే చెవి గోక్కోవడం మాటిమాటికీ ఉంటే దాన్ని అలవాటు కింద తీసేయొద్దు.

మూగజీవాల_వైద్యం

బండ మీద కాళ్లు చాపడం ఒక్కటే అయితే చల్లదనం కోసం పడుకుంది, మంచిదే. కుందేలుకి చెమట పట్టదు, కుక్కలా నాలుక చాపి ఒగర్చి చల్లబడలేదు. వేడిని చెవుల్లో రక్తనాళాల ద్వారా వదులుతుంది. గది వేడి 28 డిగ్రీలు దాటితే కష్టం మొదలవుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయట 40 దాటుతుంది కదా, బాల్కనీలో ఉంచడం అసలు కుదరదు.

వడదెబ్బ ఇలా తెలుస్తుంది. చెవులు ఎర్రబడి, నరాలు ఉబ్బి, పట్టుకుంటే కాలుతున్నట్టుంటాయి. ముక్కుపుటాలు బాగా విచ్చుకుని, తల పైకెత్తి గాలి పీలుస్తుంది. ముక్కు చుట్టూ, మూతి కింద తడి. పిలిస్తే చెవి కూడా తిప్పదు, లేచినా తూలుతుంది. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు ముక్కు కదలిక చూడొద్దు, డొక్క కదలిక చూసి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. విశ్రాంతిలో నిమిషానికి 30 నుంచి 60 మధ్య ఉండాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తే అది ఎప్పుడైనా సరే అత్యవసరమే, ఎందుకంటే కుందేలు ముక్కుతోనే ఊపిరి తీసే జంతువు.

వడదెబ్బ గుర్తులు కనిపిస్తే కుళాయి నీళ్లతో గుడ్డ తడిపి చెవుల రెండు వైపులా తుడవండి, పాదాలు తడపండి, ఆ తడి చెవుల మీద ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఐసు నీళ్లు పోయడం, బకెట్లో ముంచడం చేయకండి. రక్తనాళాలు ముడుచుకుని లోపలి వేడి లోపలే ఉండిపోతుంది, పైగా ఆ భయానికే గుండె ఆగిపోవచ్చు. వెంటనే బయల్దేరండి. రోజువారీగా అయితే గడ్డకట్టిన నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, ఆనుకుని పడుకుంటుంది. ఫ్యాన్ ఒక్కటే పెట్టి సరిపోయిందనుకోవద్దు, చెమట పట్టని ఒంటికి పొడి గాలి వల్ల పెద్ద ఉపయోగం లేదు. విజయవాడ ఉక్కపోతలో కూలర్ కూడా అంతంతే. ఇంట్లో ఏసీ గది ఉంటే మధ్యాహ్నం 12 నుంచి 5 దాకా అందులోకి మార్చడమే మంచి మార్గం.

నాలుగో_అంతస్తు

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. హాల్లో టైల్సే, మ్యాట్లు పరిచాం. వెల్లకిలా పడుకోబెట్టడం మాన్పించాం. రాత్రి కాలితో కొట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. ఒంటరిగా ఉండటం వల్లేనా? అందుకోసం ఇంకో కుందేలు తెద్దామా అని ఆలోచన.

జంటచెవులు

ఒంటరితనమని అప్పుడే అనుకోకండి. పెంపుడు కుందేళ్లు నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా బతికే ఐరోపా అడవి కుందేలు నుంచి వచ్చాయి. నేలని కొడితే ఆ చప్పుడు బొరియల్లోకి వెళ్లి మిగతావి జాగ్రత్త పడతాయి. కాబట్టి మొదటి అర్థం ‘ఏదో ఉంది, జాగ్రత్త’. రెండోది చిరాకు. రెంటికీ తేడా కొట్టిన తర్వాత క్షణంలో తెలుస్తుంది. భయమైతే చెవులు నిలబెట్టి, కళ్లు పెద్దవి చేసి ఒకే దిక్కుకి చూస్తూ బిగుసుకుపోతుంది, కాసేపాగి మళ్లీ కొడుతుంది. చిరాకైతే కొట్టి, మీ వైపు చూసి, కంచె కమ్మీ కొరుకుతుంది.

భయమైతే అది చూస్తున్న దిక్కు మీరు కూడా చూడండి. కిటికీ గట్టు మీద పిల్లి, బాల్కనీలో ఎలుక, ఆ వేళకి ఆన్ అయ్యే నీళ్ల మోటారు, ఇలాంటివే ఎక్కువ. ఇంకోటి చాలామందికి తట్టదు: ప్లగ్గులో పెట్టే, ఎలుకల్ని తరిమే అల్ట్రాసోనిక్ పరికరం. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, కుందేలుకి 40 పైన కూడా వినిపిస్తుంది. మనకి నిశ్శబ్దంగా ఉన్న గదిలో దానికి రాత్రంతా గోల. ఉంటే తీసేయండి. కిటికీకి మందపాటి తెర వేయండి. అట్టపెట్టెకి రెండు వైపులా దారి ఉండేలా కోయండి, ఒకే దారి ఉన్న పెట్టెలో ఇరుక్కుపోతానన్న భయంతో చాలా కుందేళ్లు దాక్కోవు. దీపావళికి కూడా ఇదే ఏర్పాటు లోపలి గదిలో చేయండి. టపాకాయలు ఆగిన మర్నాడు పెంటికలు తప్పకుండా చూసుకోండి, భయంతోనే పొట్ట కదలిక ఆగిపోవచ్చు. చిరాకైతే కొట్టిన ప్రతిసారీ లేచి లైటు వేసి ఆకు పెట్టొద్దు, పిలుపు కింద నేర్చుకుంటుంది. కుందేళ్లకి వేకువా మునిమాపూ చురుకైన వేళలు. మీరు పడుకునే ముందు అరగంట బయట తిప్పి, గడ్డి నిండుగా వేసి పడుకోండి.

రెండో కుందేలు మంచి ఆలోచనే, కానీ ఇప్పుడే వద్దు. ముందు దీనికి ఆపరేషన్ చేయించి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి, ఒంట్లో హార్మోన్లు తగ్గాలి. ఆపరేషన్ అయిన మగది బాగా కలుస్తుంది. షాపులో ‘రెండూ ఆడవే’ అంటే నమ్మొద్దు, పిల్లప్పుడు మగా ఆడా పొరపడటం మామూలు, డాక్టర్‌కి చూపించి నిర్ధారించుకోండి. కడుపు 31 రోజులే, ఈనిన రోజే మళ్లీ కట్టగలదు.

కలపడం మీ కంచెలో కాదు, రెంటికీ కొత్తదైన చోట చేయండి, బాత్‌రూమ్ నేల మీద మ్యాట్లు పరిస్తే సరిపోతుంది. మొదట 10, 15 నిమిషాలు. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా గడ్డి తింటుంటే బాగా జరుగుతున్నట్టే. ఒకటి తల నేలకి ఆనించి రెండోదాని ముక్కు కింద పెడితే నాకమని అడుగుతోంది. కాస్త తరమడం, ఒకటి రెండు సార్లు మీద ఎక్కడం మామూలే, కొన్ని సెకన్లు చూసి మెల్లగా దించండి. తల వైపు ఎక్కితే మాత్రం వెంటనే తీయాలి, కింద ఉన్నది మర్మావయవాన్ని కొరికేస్తుంది. రెండూ తోకలు లేపి, చెవులు వెనక్కి పెట్టి కదలకుండా చూసుకుంటే మధ్యలో అట్టముక్క అడ్డం పెట్టండి. ఒకదాని తోక దగ్గర ఇంకోదాని మూతితో సుడిగాలిలా గుండ్రంగా తిరిగితే అది అసలైన కొట్లాట. ఉత్త చేతులు పెట్టొద్దు, వేలు తెగుతుంది. మందపాటి తువ్వాలు రెంటి మీదా వేసి విడదీయండి. తర్వాత బొచ్చు విడదీసి ఒళ్లంతా వెతకండి, పంటి గాట్లు పైకి కనిపించవు, లోపల చీము పట్టి వారం తర్వాత గడ్డలా తేలతాయి. ఆపరేషన్ అయిన మగదాన్ని కూడా ఆరు వారాల దాకా ఆపరేషన్ లేని ఆడదానితో వదలకండి, అప్పటిదాకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఆ ఆరు వారాలూ పక్కపక్క కంచెల్లో నాలుగంగుళాల ఎడం పెట్టి, రోజూ వాటి చాపలు మార్చి వేయండి. ఒకదాని వాసన రెండోదానికి అలవాటవుతుంది.